గోల్నాక అయ్యగారి కందిపప్పు

నేను బాప్తిస్మం తీసుకోలేదు.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయనతో అనబోయి ఆగిపోయాను. తర్వాత ఆయన సంఘ పెద్ద అయ్యాడు, ఇక ధైర్యం చాల్లేదు. ఇప్పుడు ఆయనా లేడు.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మా బాప్టిస్టుల్లో పుట్టుక లెక్కలోకి రాదు. పసిపిల్లల మీద నీళ్ళు చల్లడం మాలో లేదు. ఊహ తెలిసినవాళ్ళు తమంతట తాము వచ్చి, సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పి, నిండా మునిగి లేవాలి. ఆ తర్వాతే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం వాళ్ళ చేతికి అందుతాయి. అంతదాకా ఎంత భక్తిపరుల పిల్లలైనా వెనక వరుసలో కూర్చోవలసిందే.

పోయిన ఆదివారం మా చర్చిలో కొందరమ్మాయిలకు బాప్తిస్మం ఇచ్చారు. పెద్దదాన్ని కదా అని నన్ను తువ్వాళ్ళు పట్టుకుని తొట్టి పక్కన నిలబడమన్నారు. తెల్లచీరలో వణుకుతున్న ఒకమ్మాయి నా చెవి దగ్గరకు వచ్చి అడిగింది.

"ఆంటీ, మునిగినప్పుడు మీకెట్ల అనిపించింది?"

"చల్లగా అనిపించింది," అన్నాను.

తడబాటు లేకుండా వచ్చేసింది. ఇంటికొచ్చి కంచంలో అన్నం పెట్టుకున్నాను గాని తినలేకపోయాను. ఆ జవాబు నాకు కొత్త కాదు. ఒకప్పుడు తార్నాకలో మా అమ్మకు చెప్పిన జవాబే అది.

మాది పాలమూరు వైపు ఊరు. మా ప్రార్థన గుడి అంటే మట్టిగోడలు, పైన గడ్డి కప్పు. గంట కొనే శక్తి లేదు కాబట్టి వేపకొమ్మకు ఒక రైలుపట్టా ముక్క కట్టారు. ఆదివారం పొద్దున దాన్ని ఇనుపకడ్డీతో కొట్టేది మా అమ్మే. మొదట నాన్న కొట్టేవాడు. నాన్న పోయాక ఆ కడ్డీ అమ్మ చేతికి వచ్చింది. పొద్దంతా ఎవరి చేలోనో కలుపు తీసి ఇంటికొచ్చి ఎసరు పెట్టేది. బియ్యం కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. జొన్నలైతే జొన్నలు. అది దేవుని కుండ. మాకే చాలని రోజున కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. నేను ఆకలని ముఖం ముడుచుకుంటే, "ఆయనకు తీసినంకనే మనకు. ఎప్పుడన్న పస్తులు పండవెట్టిండా నిన్ను?" అనేది. పండబెట్టిన రోజులున్నాయి. అమ్మకవి గుర్తుండేవి కావు.

అమ్మ ఒంటి మీద ఎప్పుడూ ఆముదం వాసన, కట్టెపొగ వాసన కలిసి ఉండేవి. ఆదివారం మాత్రం ట్రంకుపెట్టెలోంచి తీసిన తెల్లచీరకు వేపాకు వాసన. నెలకోసారి బల్ల ఆరాధన. ప్రార్థన చేసి పంచడం పాస్టరు అయ్యగారి పని, రొట్టె కాల్చడం, రసం తీయడం అమ్మ పని. ఊళ్ళో ద్రాక్షపళ్ళు ఎక్కడివి? దుకాణంలో ఎండుద్రాక్ష తెచ్చి నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడగట్టేది. గుడ్డలో మిగిలిన పిప్పిని నేను దొంగతనంగా తినేదాన్ని. ఒకసారి దొరికిపోయాను.

"నోరు తెరువు," అంది.

తెరిచాను.

"దొంగదానా! పండ్ల సందుల తొక్కలు జూడు."

"పాపమా, అవ్వా?"

అమ్మ కాసేపు నిజంగానే ఆలోచించింది. "ఇంక ప్రార్థన కాలే గద. గిప్పుడైతే ఉత్త పిప్పే. తిను. అయ్యగారితోని అనకు."

తన బాప్తిస్మం సంగతి ఏడాదికోసారైనా చెప్పేది. పెళ్ళికి ముందు, వానలు పడ్డాక, ఊరి వాగులో ముంచారట. "చెవులల్ల నీళ్లు వోయినయి. అయ్యగారి పెదిమలు కదులుతున్నయి గని నాకు ఒక్క ముక్క వినవడ్తలేదు. ఆమేన్ ఎప్పుడనాల్నో తెల్వక ఊకె ఆమేన్, ఆమేన్ అన్న. గట్టు మీదోల్లు ఒకటే నవ్వు." తానూ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వేది. తర్వాత కొంగుతో తుడుచుకుని, "గంత సంతోషం నాకు మల్ల రాలే. నా పెండ్లప్పుడు గుడ రాలే" అనేది. నాన్న ఉన్న రోజుల్లో పక్క గదిలోంచి, "విన్న, విన్న" అనేవాడు.

నా వంతు వచ్చిన ఏడు నేను వాగు దాకా వెళ్ళాను. సాక్ష్యం బట్టీ పట్టాను. తీరా చూస్తే గట్టంతా జనం. మగపిల్లలు బండల మీద ఎక్కి కూర్చున్నారు. నా ముందున్న అమ్మాయిలు ఒక్కొక్కరే ఒంటికి అంటుకుపోయిన చీరలతో పైకి వస్తున్నారు. కడుపునొప్పి అని చెప్పి వరుసలోంచి తప్పుకుని జొన్నచేలోకి వెళ్ళి కూర్చున్నాను. పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అంతా అయ్యాక అమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"లెవ్వు, తేలు గిట్ల కుడ్తది."

"కోపమొచ్చిందా, అవ్వా?"

"ఎందుకొస్తది? నేను గుంజుకపోయి ముంచితే అది నీదయితదా? నీ అంతట నువ్వు రావాలె. ఆయనకు తొందర లేదు."

ఆ తర్వాత ఒక్క మాటా అనలేదు. బల్ల ఆరాధన రోజున మాత్రం, ముందు వరుసలో ఉన్న అమ్మ దాకా రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేది. నా ఈడువాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు, నేను చీమిడిముక్కుల పిల్లల మధ్య కూర్చునేదాన్ని. అమ్మ చూపులో నింద ఉండేది కాదు. ఉంటే బాగుండునని అనుకునేదాన్ని.

మా అన్నకు హైదరాబాదులో, యూనివర్సిటీ లాబొరేటరీలో చిన్న ఉద్యోగం దొరికింది. తార్నాకలో ఒక ఇంటి వెనకవైపు రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాక నన్నూ తీసుకొచ్చి బి.ఏ.లో చేర్పించాడు. ఇంటి ఓనరమ్మది గుంటూరు వైపు. మంచి మనిషే. గిన్నెలో గోంగూర పచ్చడి తెచ్చి మా గడప మీద పెట్టి పిలిచేది. గడప దాటి లోపలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఊళ్ళో మేం అమ్మను అవ్వా అనే పిలిచేవాళ్ళం. ఒకసారి అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు నా పిలుపు విని ఓనరమ్మ, "మీ నాయనమ్మగారా?" అని అడిగింది. ఆ రోజు నుంచి నేను అమ్మా అనడం మొదలుపెట్టాను. ఆ కొత్త పిలుపుకు అమ్మ ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా పలికేది.

తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడిచి వెళ్ళేదాన్ని. దారికి అటూ ఇటూ బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, ఎండిన గడ్డి వాసన. క్లాసులో హాజరు పలకడానికే నాకు గొంతు పెగిలేది కాదు. లైబ్రరీలో కిటికీ పక్క కూర్చుని నవలలు చదివేదాన్ని, సాయంత్రం ఇంటికొచ్చి డైరీ రాసుకునేదాన్ని. క్యాంపస్‌లో కొందరు క్రైస్తవ విద్యార్థులు చెట్టుకింద ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్ళు. ఒకసారి వెళ్ళాను, పాట పాడమంటారేమోనని భయపడి మళ్ళీ వెళ్ళలేదు. ఆదివారాలు అన్నావదినలతో సీతాఫల్‌మండిలోని చర్చికి పోయేదాన్ని. పట్నం చర్చి కాబట్టి వాగుతో పని లేదు. వేదిక మీది చెక్కపలకలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉండేది. ప్రసంగం చేస్తూ పాస్టరు గారు అటూ ఇటూ నడిచినప్పుడల్లా ఆ పలకలు బోలుగా చప్పుడు చేసేవి. నేను తల దించుకునేదాన్ని.

కాలేజీలు సమ్మెలతో కొన్నాళ్ళు తెరిచి కొన్నాళ్ళు మూసే రోజులవి. ఎండలు ముదరకముందే అమ్మ కడుపునొప్పితో మా దగ్గరికి వచ్చింది. పాలమూరు బండి దిగి, సీతాఫల్‌మండి స్టేషన్‌లో నెత్తిన ఒక మూట, చంకలో ఒక మూటతో నిలబడి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. అన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. కడుపులో గడ్డ ఉందన్నారు, మందులు రాసిచ్చారు. అన్నను పక్కకు పిలిచి ఇంకేదో చెప్పారు. ఆ పూట అన్న అన్నం ముట్టలేదు.

నొప్పి లేని సాయంత్రాలు అమ్మను క్యాంపస్‌లోకి నడిపించుకు వెళ్ళేదాన్ని. మా కాలేజీ మెట్ల కింద నిలబడి, ఆ రాతి భవనాన్ని కింది నుంచి పైకి చూసింది.

"గింత పెద్ద ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవరూ ఉండరమ్మా. చదువుకొని పోతరు."

"మాపటికి ఖాళీయేనా? అన్నాయం! మన ఊరోల్లంత పండుకోవచ్చు."

నేను నవల చదువుతుంటే బైబిలు వాక్యం చదువుతున్నాననుకుని దీపం నా వైపు జరిపేది. ఆ పొరపాటు నేను దిద్దలేదు.

అమ్మ తెల్లవారకముందే లేచి చాప మీద మోకరించేది. మనసులో ప్రార్థన చేసుకోవడం తెలియదు, పైకే చేసేది. "ప్రభువా, పెద్దోడు నీవోడయిండు. కోడలు నీదే. నా చిన్నదాన్ని సూడు. అది సిగ్గువడ్తది గని చెడ్డది గాదు. దాని చెయ్యి నువ్వే పట్టుకో. నేను పోయేలోపల నా కండ్లకు సూపెట్టు." ఉన్నవి రెండు గదులు. దుప్పటి ముసుగులో అంతా వినేదాన్ని. కిటికీ అవతల బావి దగ్గర ఓనరమ్మ చెంబు చప్పుడు ఆగిపోయేది. ఆవిడా వింటోందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఒక పొద్దున అమ్మ మోకాళ్ళ మీద నిలవలేకపోయింది. నొప్పికి ముందుకు వంగి, నుదురు నేలకు ఆనించి, ఆ స్థితిలోనే నా పేరు ఎత్తుకుంది. నేను దుప్పటి తోసేసి లేచాను.

"అమ్మా, నేను తీసుకున్న."

అమ్మ తల ఎత్తింది. "ఏంది?"

"బాప్తిస్మం."

అమ్మ నొప్పి చూడలేక అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ ప్రార్థన ఇక వినలేక అన్నాననేదే నిజం.

వదిన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అన్న బ్రష్షు నోట్లోనే ఉంచుకుని, "ఎప్పుడే?" అన్నాడు.

"పోయిన నెల. క్యాంపస్ల ప్రార్థన కూటం ఉన్నది గద, వాళ్లతోని. గోల్నాకల చిన్న సంఘం."

"మన చర్చి ఉండంగ గోల్నాక పోయినవా? నాకు చెప్పనే లేదు గదనే!"

"సిగ్గయింది."

వదిన ఫక్కున నవ్వింది. "దీనికి నోరుంటే గద! రేపు పెండ్లి చేస్కున్నా మనకు చెప్పదు ఇది."

వాళ్ళు నమ్మారు. ఇన్నాళ్ళూ నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టిన సిగ్గే ఆ పొద్దున నా పక్షాన సాక్ష్యం చెప్పింది.

"నీళ్లు ఎట్లున్నయి, బిడ్డా?" అని అడిగింది అమ్మ.

"చల్లగున్నయి."

అమ్మ నా తలను రెండు చేతుల్లోకి తీసుకుని, ఇంకా తడి ఉందేమోనన్నట్టు జుట్టంతా నిమిరింది. ఆ రోజు డైరీలో 'అమ్మ సంతోషంగా ఉంది' అని ఒక్క వాక్యం రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ పొద్దునే, బాగా తెల్లవారగానే అమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి కేకేసింది. "ఓనరమ్మా, మా బిడ్డ మునిగింది!"

"అయ్యయ్యో! ఎక్కడ మునిగిందమ్మా? ట్యాంక్‌బండ్‌లోనా? ఎవరు తీశారూ?" ఆవిడ చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చి, మొదటిసారి మా గడప దాటింది. నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకుంది. వదిన నవ్వాపుకుని సంగతి చెప్పాక, "అదా! నా ప్రాణం పోయిందనుకోండి. పోన్లే, మంచిదే. జలుబు చెయ్యలేదు కదా?" అంది. అమ్మకు ఆవిడ లోపలికి రావడం కూడా నా బాప్తిస్మం వల్ల జరిగిన అద్భుతంలాగే కనిపించింది.

అమ్మ తెచ్చిన మూటల్లో ఒకటి కందిపప్పు, ఇంట్లో విసిరినది. అందులోంచి సగం తీసి వేరే పెట్టింది. "ఇది గోల్నాక అయ్యగారికి. నా బిడ్డ చెయ్యి పట్టుకొని నీళ్లల్లకు దించిండు. ఉత్త చేతులతోని ఎట్ల పోత?" గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, నొప్పి వచ్చినప్పుడు ఆగుతూ, ఒక్కొక్క రాయీ ఏరి, తన పాతచీర ముక్కలో మూట కట్టింది. మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని కూర్చుంది.

"గోల్నాక ఎంత దూరం?"

"ఇయ్యాల బందు ఉన్నదమ్మా. బస్సులు నడ్వయి."

ఇంకో రోజు, "అయ్యగారు ఊరికి పోయిండట." మరో రోజు మళ్ళీ బందు.

"దినాము బందేనా? గీ పట్నపోల్లు పని ఎప్పుడు జేస్తరే?" అని నవ్వింది. రిక్షాలో తీసుకుపోతానని అన్న అంటే, కుదుపులకు అమ్మకు నొప్పి ఎక్కువవుతుందని నేనే అడ్డుపడ్డాను. అమ్మ నా వైపు ప్రేమగా చూసింది.

కాని నెల మొదటి ఆదివారం చర్చికి మాత్రం రిక్షాలోనే వచ్చింది. అప్పటికే అన్న పాస్టరు గారికి సంగతి చెప్పాడు. బాప్తిస్మం ఇచ్చినట్టు గోల్నాక నుంచి చీటీ తెమ్మంటారేమోనని భయపడ్డాను. అమ్మను చూసి ఆయన ఏమీ అడగలేదు. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ముందు వరుసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. అర్హత లేకుండా ఆ రొట్టె ముట్టినవాళ్ళు తమ మీదికి తామే తీర్పు తెచ్చుకుంటారని చిన్నప్పటి నుంచి విన్నాను. అమ్మ దాన్ని, నిప్పు ముట్టుకుంటే కాలుతుందన్నంత గట్టిగా నమ్మేది. పళ్ళెం వచ్చింది. ముక్క తీసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. తినకుండా చేతిరుమాల్లో దాచవచ్చు. అంతలో అమ్మ కళ్ళు తెరిచి నా చేతి వైపు చూసింది.

తిన్నాను. రసం కూడా తాగాను.

"ఇగ మనం ఒక్క బల్లోల్లమయినం," అని నా చెవిలో గుసగుసలాడింది. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో సన్నగా పాడుతూనే ఉంది.

మర్నాటి నుంచి పొద్దుటి ప్రార్థనలో నా పేరు దగ్గరికి రాగానే అమ్మ "స్తోత్రం" అని ఆగిపోయేది. అడగడానికి ఇక ఏముంది? నేను కోరుకున్నది అదే. దుప్పటి ముసుగులో ఆ తర్వాతి మాట కోసం ఎదురుచూసేదాన్ని. వచ్చేది కాదు. పుట్టినప్పటి నుంచి నా కోసం ఒక మనిషి రోజూ దేవుణ్ణి బతిమాలుతూ ఉండేది. నేనే ఆపించాను.

ఆ నెలలోనే అమ్మను ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికి రాలేదు.

ఊరికి తీసుకెళ్ళి నాన్న పక్కన సమాధి చేశాం. ఈ తల్లి తన పిల్లలనందరినీ ప్రభువు దగ్గరికి చేర్చి వెళ్ళిందని ఊరి అయ్యగారు చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. తార్నాకకు వచ్చాక ఒకరోజు ఇంట్లో పప్పు నిండుకుందని వదిన ఆ చీరముక్క మూట విప్పింది. "ఉంచితే పురుగు వడ్తది. అయ్యగారికి మల్ల కొనిద్దాం," అంది. పంటికి ఒక్క రాయి తగలలేదు.

తర్వాతైనా తీసుకోవచ్చు కదా అంటారేమో. రెండోసారి మునగడం మాలో లేదు. మొదటిసారి జరగలేదని చెప్పాలంటే, మా అమ్మ నా అబద్ధాన్ని నమ్ముకుని కన్నుమూసిందని పదిమంది ముందు చెప్పాలి. పెళ్ళప్పుడు అన్న మా అత్తగారి సంఘంలో గోల్నాక పేరే చెప్పాడు. ఎవరూ వెళ్ళి విచారించలేదు. ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పాను, నెలనెలా రొట్టె తింటూనే ఉన్నాను. ఇప్పటికీ గోల్నాక మీదుగా బస్సు వెళితే కిటికీ వైపు చూడను.

నిజం చెప్పాలని ఒక్కసారి గట్టిగా అనుకున్నాను. ఆసుపత్రిలో, సాయంత్రం చూడ్డానికి వదిలే వేళ. వార్డంతా ఫినాయిల్ వాసన, పక్క మంచాల వాళ్ళ టిఫిన్ గిన్నెల చప్పుడు. వదినను వేడినీళ్ళకు పంపి, అమ్మ పెదవులు తడిగుడ్డతో అద్దాను.

"అమ్మా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

"గోల్నాకల..." అన్నాను. అంతే. ఏడుపు వచ్చింది.

తన చావుకు నేను భయపడుతున్నానని అమ్మ అనుకుంది. మంచం పట్టె మీదున్న నా చేతిని వెతికి పట్టుకుంది. మర్నాటికి అమ్మకు మాట పడిపోయింది. కాబట్టి అమ్మ నాతో అన్న ఆఖరి మాటలు ఇవే.

"భయమెందుకే? నీది గుడ అయిపోయె గద. నేను ముందుగాల పోయి, నా పక్కన నీకు జాగ ఆపి పెడ్త. నువ్వు నిమ్మలంగ రా, బిడ్డా."